సేవకు పంపేముందు మస్టరులో రాయండి

విజయవాడలో కంపెనీలు సేవా కార్యక్రమం అనుకోగానే ముందు ఫ్లెక్సీకి, టీషర్టులకు ఆర్డరిస్తాయి. సిబ్బందికి అంతకన్నా ముందు కావలసింది మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఆ రోజు హాజరు. పనిదినాన పంపి, నెలాఖరుకి దాన్ని సీఎల్ (క్యాజువల్ లీవు) కింద కోస్తే రెండోసారి మొహమాటపడేవాళ్లే వస్తారు.

ఏడాదికి రెండు రోజులు ఆన్‌డ్యూటీ, అంటే సేవకు వెళ్లినా పనికొచ్చినట్టే లెక్క, ఇస్తే చిన్న యూనిట్ కూడా తట్టుకోగలదు. వాటిని నాలుగు పూటలుగా వాడుకోనివ్వండి. ఆఫీసు మనిషి ఒక పూట లేకపోతే పని మర్నాటికి జరుగుతుంది కానీ, లేత్ మీదున్న మనిషి వెళ్తే మిషనే ఆగిపోతుంది. సూపర్‌వైజర్లు వద్దనేది అందుకే. వారం ముందే షిఫ్టు చార్టులో బదులు మనిషి పేరు రాసి చూపిస్తే చాలావరకు ఒప్పుకుంటారు. కాంట్రాక్టు కార్మికులు వస్తామంటే వాళ్ల కూలి ఆగకుండా కాంట్రాక్టరుకు ముందే లెటర్ పంపాలి. తరచూ మరిచిపోయేది ఇదే.

రక్తదాన శిబిరం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వ్యవస్థాపక దినోత్సవం నాడు రెండు వందల మందితో ఒకేసారి పెట్టడం గొప్పగానే ఉంటుంది. కానీ ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలవుంటాయి, ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు. అదే రెండు వందల మందిని నాలుగు విడతలు చేస్తే బ్లడ్ బ్యాంకుకు ఏడాది పొడుగునా అక్కరకొస్తుంది. ఒక విడత మే నెలలో తప్పకుండా ఉండాలి. కాలేజీలకు సెలవులు కాబట్టి అప్పుడు దాతలు తగ్గిపోతారు. ఎండ ముదరకముందే, ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ముగించండి. ఇడ్లీ, మజ్జిగ రక్తం ఇవ్వకముందే పెట్టాలి, పరగడుపున ఎవరినీ పడుకోబెట్టకూడదు. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. ఒకసారి రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు ఎడం తప్పనిసరి. నైట్ షిఫ్టు దిగి నిద్రలేకుండా వచ్చినవాళ్లను తీసుకోరు. ఆటోనగర్ యూనిట్లు మరీ జాగ్రత్తపడాల్సింది లారీ డ్రైవర్ల విషయంలో: రక్తం ఇచ్చాక 24 గంటలు బండెక్కకూడదు. అందుకని వాళ్ల ట్రిప్ షీటు చూశాకే పేరు రాసుకోండి. క్రేన్ నడిపేవాళ్లకూ ఎత్తుల మీద పనిచేసేవాళ్లకూ ఆ రోజు కింద కూర్చునే పని అప్పజెప్పండి. పర్సంటేజీ పెట్టి డిపార్టుమెంట్ల మధ్య పోటీ నడపకండి. పోటీ పెడితే జ్వరమొచ్చి తగ్గినవాళ్లు, మందులు వాడేవాళ్లు ఆ సంగతి దాచిపెడతారు.

వరద వచ్చినప్పుడు లెక్క వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉండిపోయాయి. అలాంటప్పుడు అన్నం పొట్లాలకు పులిహోర మేలు, ఆ ఉక్కలో సాంబారన్నం నాలుగు గంటలకే పులుస్తుంది. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలే బురద ఎత్తడానికే మనుషులు అసలు కావాలి. కాబట్టి ఆన్‌డ్యూటీ రోజులన్నీ మొదటి వారంలోనే ఖర్చుచేయకుండా సగం ఆపుకోండి. పదిమంది జట్టుకు ఆరు పారలు, పది జతల గమ్‌బూట్లు, చేతి తొడుగులు కంపెనీయే కొనివ్వాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లవల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కాళ్ల మీద పుండ్లున్నవాళ్లను దింపొద్దు. బ్లీచింగ్ పౌడరును బాత్రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు లేస్తుందని బయల్దేరేముందే చెప్పి పంపండి.

ఇక డబ్బు. "ఒకరోజు జీతం ఇస్తున్నాం, అభ్యంతరమున్నవాళ్లు చెప్పండి" అనే సర్క్యులర్ నాకు ఎప్పుడూ తప్పనిపిస్తుంది. మేనేజరు ముందు అభ్యంతరం చెప్పేదెవరు? ఇష్టమున్నవాళ్లు సంతకం చేసి ఇచ్చేలా చీటీ పెట్టండి, మొత్తం వాళ్లే రాసుకోవాలి. ఒకరోజు అంటే ఎంతో కూడా చీటీలోనే ఉండాలి. 26,000 జీతాన్ని 26తో భాగిస్తే వెయ్యి, 30తో భాగిస్తే 867. ఈ తేడా దగ్గరే గొడవలొస్తాయి.

పోగైన సొమ్మును కంపెనీ తన పేరున ఒకే చెక్కుగా ఏదైనా ట్రస్టుకు పంపితే రసీదూ కంపెనీ పేరునే వస్తుంది, విరాళం మీద ఉద్యోగికి దక్కే ఆదాయపు పన్ను మినహాయింపు పోతుంది. పేరు, పాన్, మొత్తం ఉన్న జాబితాను జతచేసి ఆ ట్రస్టుకు పంపి, ఎవరి రసీదు వాళ్లకు అడగండి. మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. రెండు వేలు దాటిన నగదుకూ, బియ్యం బస్తాలుగా ఇచ్చినదానికీ రాదు.

సిబ్బంది ఇచ్చినంత కంపెనీ కూడా కలిపితే మంచిదే, పరిమితి మాత్రం ముందే చెప్పండి. నికరలాభం అయిదు కోట్లు దాటి సీఎస్ఆర్ (చట్టం చెప్పే సామాజిక బాధ్యత) కింద లాభంలో రెండు శాతం ఖర్చుపెట్టాల్సిన కంపెనీలు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చింది ఆ లెక్కలోకి రాదు. ప్రధానమంత్రి జాతీయ సహాయనిధికి ఇచ్చింది వస్తుంది. సిబ్బంది సేవచేసిన గంటలకు వెలకట్టి అందులో చూపడం కూడా కుదరదు. సిబ్బంది దగ్గర కోసిన జీతాన్ని అందులో కలపనే కలపకూడదు, అది వాళ్ల సొమ్ము. ఎంత వచ్చింది, ఎవరికి వెళ్లింది, ఏ తేదీన వెళ్లింది అన్న కాగితాన్ని నెలలోపు క్యాంటీన్ గోడకు అంటించండి.