క్లిప్పా, కాయిలా: ఎస్టిమేట్ ఎలా చదవాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి మెదడు అన్యూరిజం (రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడం) ఆపరేషన్‌కి విశాఖకో, బరంపురానికో వెళ్లేవాళ్లు ఆస్పత్రి ఇచ్చే ఎస్టిమేట్‌లో ముందు ఇంప్లాంట్ల (లోపల అమర్చే క్లిప్పు, కాయిల్స్ లాంటివి) లైను చూడండి. క్లిప్పింగ్, కాయిలింగ్ అని ఉన్న రెండు పద్ధతుల మధ్య అసలు తేడా అక్కడే.

క్లిప్పింగ్‌లో పుర్రె తెరిచి, ఉబ్బు మెడకి టైటానియం క్లిప్పు బిగిస్తారు. చాలాసార్లు ఒక్కటే సరిపోతుంది. ఖర్చులో ఎక్కువ భాగం థియేటర్‌ది, ఐసీయూది. కాయిలింగ్‌లో తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం (క్యాథెటర్) పంపి, ఉబ్బులో ప్లాటినం తీగచుట్టలు (కాయిల్స్) నింపుతారు. ఉబ్బు పెద్దదైతే చుట్టలు ఎక్కువ పడతాయి, మెడ వెడల్పైతే స్టెంట్ కూడా తోడవుతుంది. అందుకే “ఎన్ని కాయిల్స్ లెక్కేశారు? మించితే ఒక్కోటి ఎంత? విప్పి వాడకపోతే డబ్బు కట్టాలా?” అని అడిగి రాయించుకోండి. కాయిల్స్ అణిగిపోయి ఉబ్బు మళ్లీ తెరుచుకోవచ్చు కాబట్టి కొన్ని నెలలకి యాంజియోగ్రామ్ తప్పదు. ఆ ఖర్చూ కలుపుకోండి.

ఉబ్బు పగిలితే మాత్రం ధరలు పోల్చుకుంటూ కూర్చోవద్దు, వెంటనే బయల్దేరండి. సాధారణంగా పగిలాక 4 నుంచి 14 రోజుల మధ్య మెదడు రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఐసీయూ బిల్లు పెరిగేది అప్పుడే. దానివల్ల మెదడుకి జరిగే నష్టాన్ని తగ్గించే మందు నిమోడిపిన్ 21 రోజులు వాడాలి.

ఆయుష్మాన్ కార్డు కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ఈ ఆపరేషన్ ప్యాకేజీ మీరు వెళ్లే ఆస్పత్రిలో ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కోండి.