మూడు రివెట్లా, ఆరు రివెట్లా

ఉక్కునగరంలో మా వీధి పిల్లలెవరికీ లేని టోపీ నాకొక్కడికే ఉండేది. చెవుల మీదికి దించి గడ్డం కింద ముడి వేసుకునే రష్యా టోపీ. విశాఖ ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో మా నాన్నతో కలిసి పనిచేసిన సోవియట్ ఇంజనీరు ఒకాయన, స్వదేశం వెళ్ళిపోతూ ఇచ్చాడు. మే నెల ఎండలో అది పెట్టుకుని తిరుగుతుంటే "ఒరే, బుర్ర ఉడికిపోద్దిరా" అని అమ్మ కేకలేసేది. ఉడికేది కూడా. అయినా తీసేవాణ్ణి కాదు.

ఆ పిచ్చి వయసుతో పోలేదు, ముదిరింది. 2019 అక్టోబర్లో మాస్కోలో దిగేనాటికి రెండో ప్రపంచ యుద్ధకాలపు సోవియట్ టోపీలు నా దగ్గర ఏడున్నాయి. ఇనుప హెల్మెట్ మాత్రం ఒక్కటీ లేదు. కావాలనుకుంటే ఏదో ఒకటి దొరికేదే. నాకు కావలసింది స్టాలిన్‌గ్రాడ్‌లో తయారైనది. ఇప్పుడు వోల్గొగ్రాద్ అంటున్న ఆ ఊళ్ళో 'క్రాస్నియ్ అక్త్యాబ్ర్', అంటే ఎర్ర అక్టోబర్ అనే ఉక్కు కర్మాగారం ఉంది. జర్మన్లు ఊరి మీద పడేదాకా అక్కడ సైన్యానికి హెల్మెట్లు చేసేవారు. లోపలి వైపు ఆ కర్మాగారం పొడి అక్షరాలు, జె-కా-ఓ అని సిరా ముద్ర ఉంటుంది. 1942 అక్టోబర్ కల్లా యుద్ధం ఆ కర్మాగారం షెడ్లలోకే వచ్చేసింది. ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్పులో పెరిగిన వాడికి ఆ మూడక్షరాల మీద మనసు పడటంలో వింతేముంది?

మాస్కోలో మొదటి శనివారమే ఇజ్మాయిలొవొ సంతకి పోయాను. పార్తిజాన్స్‌కయా మెట్రో స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిస్తే, పెళ్ళి పందిరికి రంగులేసినట్టు ఒక చెక్క కోట కనిపిస్తుంది. కింద అంతా బొమ్మలో బొమ్మ దాక్కునే మత్ర్యోష్కాలు, టూరిస్టులు. వాళ్ళని దాటుకుని మెట్లెక్కితే పాత సామాన్ల బజారు. సమోవార్లు, కెమెరాలు, పింగాణీ లెనిన్లు, వాటి మధ్య దుప్పట్లు పరిచి సైనిక సామాను.

ముందే చెబుతున్నాను, అక్కడ నుదుటిన ఎర్ర నక్షత్రం ఎంత పెద్దగా ఉంటే ఆ హెల్మెట్ అంత అబద్ధం. యుద్ధంలో వాడినవాటిలో చాలామటుకు ఉత్త ఆకుపచ్చ రంగువే. నక్షత్రం గీత 1936 నమూనా మీదా, 39 నమూనా తొలి రోజుల్లోనూ కనిపిస్తుంది. మనలాంటి వాళ్ళు నక్షత్రం అడుగుతారు కాబట్టి వాళ్ళు వేసి పెడతారు. తూటా రంధ్రాలూ అంతే. అంచున తుప్పు నారింజ రంగులో నిగనిగలాడుతుంటే ఆ తూటా పోయినేడాది పేలిందన్నమాట.

నమూనాలు ముఖ్యంగా మూడు. 1936ది చూడగానే తెలిసిపోతుంది. నడినెత్తిన గాలి రంధ్రాన్ని కప్పుతూ చిన్న శిఖ, చెవుల దగ్గర చేటలా విచ్చుకున్న అంచు. 1939లో మంగోలియాలోని ఖల్‌ఖిన్ గోల్ దగ్గర జపాన్‌తో జరిగిన పోరులో వాడారు కాబట్టి దాన్ని ముద్దుగా 'ఖల్‌ఖిన్‌గోల్కా' అంటారు. తర్వాతవి 39, 40. ఈ రెండింటి గుండ్రటి ఆకారం ఒకటే, దూరం నుంచి కవలలే. రివెట్లు, అంటే లోపలి మెత్తల అమరికని ఇనుముకి బిగించే మేకు తలలు, లెక్కపెట్టాలి. పైన, నడినెత్తికి దగ్గరగా మూడుంటే 39. కింద, అంచుకు దగ్గరగా చుట్టూ ఆరుంటే 40. లోపల కూడా చూడాలి. 40లో మెత్తలు మూడు, నెత్తిమీద తాడుతో కుచ్చులా బిగించి ఉంటాయి. నాలుగు మెత్తలు కనిపిస్తే అది యుద్ధమైపోయిన పదిహేనేళ్ళకి వచ్చిన నమూనా. దాన్ని కూడా స్టాలిన్‌గ్రాడ్‌లో దొరికిందనే అమ్ముతారు.

ఎనభైకి దగ్గరపడ్డ ముసలాయన ఒకాయన మడత కుర్చీలో కూచుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్నాడు. నా వచ్చీరాని రష్యన్ విని, మాట్లాడకుండా రెండు హెల్మెట్లు నా చేతిలో పెట్టాడు. పరీక్షన్నమాట. తిరగేసి మెత్తలు లెక్కపెట్టి ఒకటి వెనక్కిచ్చేశాను. "మలదేత్స్" అని స్టూలు జరిపాడు. శభాష్ అని.

ఆ తర్వాత గంటసేపు పాఠమే. సగం ఫోనులోని అనువాదం, సగం చేతి సైగలు. వాళ్ళ పరిభాషలో సరుకు మూడు రకాలు. 'కపానినా' అంటే తవ్వి తీసింది, తుప్పు ముద్ద. 'చెర్దాక్' అంటే అటక. పల్లెటూళ్ళలో ఇంటి పైకప్పు కింద మరిచిపోయిన సరుకు. 'స్క్లాద్' అంటే గోదాము. తయారై, రంగేసి, పేర్చి, ఎవరి తలకీ ఎక్కకుండా మిగిలిపోయినవి. ధర కూడా అదే వరసలో పెరుగుతుంది.

జె-కా-ఓ ఉందా అని అడిగాను. ఫోనులో ఒక ఫొటో చూపించాడు. 39 నమూనా, ముద్ర స్పష్టంగా ఉంది, 1940. అమ్ముడుపోయిందట. ఇంకోటి ఉందంటూ సంచిలోంచి కపానినా ఒకటి తీశాడు. రివెట్లు మూడే, కానీ లోపల ముద్ర కాదు కదా, రంగే లేదు. "ఇది అక్కడిదే" అన్నాడు. ఎలా తెలుసన్నాను. భుజాలెగరేశాడు.

చివరికి నేను తీసుకున్నది 40 నమూనా. ఉరల్ పర్వతాల దగ్గర లీస్‌వా అనే ఊళ్ళో చేసింది, 1941 ముద్ర. యుద్ధకాలంలో ఆ ఒక్క ఊరే కోటికి పైగా హెల్మెట్లు చేసిపెట్టింది. మెత్తలు చెక్కుచెదరలేదు, తాడు కూడా అప్పటిదే. తొమ్మిది వేల రూబుళ్ళు చెప్పి ఏడున్నరకి దిగాడు. డబ్బులిస్తూ అడిగాను, ఇది యుద్ధం చూసిందా అని.

ఆయన పకపకా నవ్వాడు. "చూసుంటే ఇలా ఉంటుందా? స్క్లాద్!"

ఆ ఉత్సాహంలో పక్క బల్ల మీద ఒక పిలోత్కా కూడా కొన్నాను. సైనికులు తలమీద ఓరగా పెట్టుకునే పడవలాంటి గుడ్డ టోపీ అది. 1943 అని ముద్ర, ముందు ఎనామిల్ నక్షత్రం. రాత్రి హోటల్ గదిలో అనుమానమొచ్చి కుట్టులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల దగ్గర పెట్టాను. నూలు అయితే కాలి బూడిదవ్వాలి. ఇది కరిగి పూసలా గడ్డకట్టింది. 1943లో సింథటిక్ దారమెక్కడిది? ముందు పోగు కాల్చి తర్వాత డబ్బివ్వాలన్నది పదేళ్ళుగా నేను అందరికీ చెప్పే మాటే.

పావెలెత్స్‌కీ స్టేషన్ నుంచి రాత్రి రైలు. స్లీపర్ క్లాసు లాంటి పెట్టె, లోహపు పిడి తొడిగిన గాజు గ్లాసులో టీ, కిటికీ బయట ఎడతెగని పైరు కోసేసిన నేల. హెల్మెట్‌ను లుంగీలో చుట్టి తల కింద పెట్టుకుని పడుకున్నాను. దిండుగా అస్సలు పనికిరాదు.

వోల్గొగ్రాద్‌లో నాకు దారి చూపినవాడు అక్కడ మెడిసిన్ చదువుతున్న నరసరావుపేట కుర్రాడు. స్నేహితుడి మేనల్లుడు. ఆ ఊరి మెడికల్ యూనివర్సిటీలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. "అంకుల్, నాలుగేళ్ళ నుంచి ఉంటున్నాను, మ్యూజియం లోపలికి మాత్రం ఇదే రావడం" అన్నాడు సిగ్గుపడుతూ.

వోల్గా ఒడ్డున పనొరమా మ్యూజియం. పక్కనే బాంబులకి డొల్లయిన ఎర్ర ఇటుకల పిండిమరను అలాగే వదిలేశారు. లోపల స్నైపర్ జైత్సెవ్ తుపాకి దగ్గర జనం గుమిగూడారు. నేను మాత్రం టోపీలున్న అద్దాల దగ్గర తిష్ఠ వేశాను. బుద్యోనొవ్కా చూడాలి అసలు. గుడి శిఖరంలా మొన తేలిన ఉన్ని టోపీ, అశ్వదళ సేనాని బుద్యోన్నీ పేరు మీద వచ్చింది. చూడ్డానికి పురాణ వీరుడి కిరీటంలా ఉంటుంది. చలికి మాత్రం ఆగలేదు. 1939-40 చలికాలంలో ఫిన్లాండ్ యుద్ధంలో ఆ సంగతి తేలిపోయింది, 1940లో దాని స్థానంలో ఉషాంకా వచ్చింది. 'ఊషి' అంటే చెవులు. చెవుల టోపీ. మామూలు సిపాయికి దక్కింది కృత్రిమ బొచ్చుది. దాన్ని వాళ్ళు 'చేప బొచ్చు' అని వెక్కిరించేవారట. చేపకి బొచ్చెక్కడుంటుంది?

కుర్రాడికి అద్దాల ముందు టోపీ రంగులు చదవడం నేర్పాను. ఆఫీసర్ల టోపీకి చుట్టూ ఉండే పట్టీ చూస్తే దళం తెలిసిపోతుంది. ముదురెరుపైతే పదాతిదళం, నల్ల మఖమల్ అయితే ట్యాంకులు, పైభాగం పచ్చగా ఉంటే సరిహద్దు కాపలా, నీలంగా ఉంటే రహస్య పోలీసులు. "మా కాలేజీ బస్సు పాసుల్లాగా" అన్నాడు. ట్యాంకు సిపాయి తలకట్టు దగ్గర ఇంకాసేపు ఆగాడు. గుడ్డలో లావుపాటి మెత్తలు వరసగా కుట్టి ఉంటాయి. అది తూటాకి కాదు, ట్యాంకు గతుకుల్లో తల ఇనుముకి కొట్టుకోకుండా.

మామయెవ్ కుర్గాన్ గుట్ట గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను వదిలేస్తున్నాను. పైగా ఆ ఏడాది మాతృభూమి విగ్రహానికి మరమ్మతులు. ఎనభై అయిదు మీటర్ల తల్లి చుట్టూ పరంజా.

ఎర్ర అక్టోబర్ కర్మాగారం గేటు దగ్గరికి మాత్రం ట్రామెక్కి వెళ్ళాం. ఇంకా నడుస్తూనే ఉంది. 1943 ఫిబ్రవరిలో ఆ ఊళ్ళో పోరు ముగిసింది, ఆ ఏడే మళ్ళీ ఉక్కు పోశారు. లోపలికి ఎవరినీ రానివ్వరు, అడగలేదు కూడా. గేటు ఎదురుగా అరగంట నిలబడ్డాను. కాలిన ఇనుము, నూనె, బొగ్గు కలిసిన ఆ వాసన నాకు కొత్త కాదు. నాన్న ఏ షిఫ్టు నుంచి వచ్చినా చొక్కా అదే వాసన కొట్టేది.

మర్నాడు టాక్సీ మాట్లాడుకుని రొస్సోష్కా వెళ్ళాం. ఊరికి ముప్పై అయిదు, నలభై కిలోమీటర్లు. బోల్షయా రొస్సోష్కా, మాలయా రొస్సోష్కా అని రెండు పల్లెలుండేవి. యుద్ధంలో నేలమట్టమయ్యాయి, మళ్ళీ కట్టలేదు. చెట్టూ చేమా లేని మైదానం, మాచిపత్రిలా ఘాటుగా వాసనొచ్చే మొక్కలు, చెవులు మూసుకునేంత గాలి. రోడ్డుకి ఒక పక్క 1997లో ఏర్పాటైన సోవియట్ శ్మశానం, ఎదురుగా 1999 నాటి జర్మన్ శ్మశానం. అటువైపు గ్రానైట్ ఘనాల మీద, ఆచూకీ దొరకని జర్మన్ల పేర్లు లక్షకు పైగా చెక్కారు. అంతా లెక్కగా ఉంది.

ఇటువైపు పేర్లు తక్కువ. బదులుగా హెల్మెట్లున్నాయి. సమాధి రాళ్ళ మీద, వరసలు వరసలుగా, నేలలోంచి మనుషులతో పాటు బయటపడ్డవి. మా సంత భాషలో అయితే కపానినా.

పేర్లు లేకపోవడానికి కారణం ఉంది. ప్రతి సిపాయికి ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన చిన్న నల్ల గొట్టం ఇచ్చేవారు, లోపల పేరూ ఊరూ రాసిన చీటీ. రాసుకుంటే చావు ఖాయమనే నమ్మకంతో చాలామంది ఖాళీగా వదిలేసేవారు. 1942 నవంబర్ 17న ఆ గొట్టాల పద్ధతినే రద్దు చేశారు, సిపాయి గుర్తింపు పుస్తకం ఉంది కదా చాలని. రెండు రోజులకి, 19న, ఇక్కడే ఎర్ర సైన్యం ఎదురుదాడి మొదలైంది. ఎబొనైట్ మట్టిలో నిలుస్తుంది, కాగితం పుస్తకం నిలవదు. ఇప్పటికీ ప్రతి ఏడూ స్వచ్ఛంద బృందాలు వచ్చి తవ్వుతాయి. చెంచా మీదో, అన్నం గిన్నె మీదో గీసుకున్న ఇంటిపేరు దొరికితే వాళ్ళకది పండగే.

నేను వరసల మధ్య నడుస్తూ రివెట్లు లెక్కపెడుతున్నాను. ఆరు. ఆరు. మూడు. ఒకదాని నుదురు లోపలికి నొక్కుకుపోయింది, ఒకదానికి ఒక వైపే లేదు. ఇంకోటి జల్లెడ. మూడు రివెట్లదాని దగ్గర ఆగాను. 39. ఊరు ఇదే. ఆ కర్మాగారం ఇక్కడికి ముప్పై చిల్లర కిలోమీటర్లు. మోకాళ్ళ మీద కూచుని, మెడ వంచి, లోపల వెనక వైపు కనిపిస్తుందేమోనని తొంగిచూశాను. ఒక చేయి ముందుకు కూడా వెళ్ళింది.

"ఏం వెతుకుతున్నారంకుల్?"

కుర్రాడు వెనకే ఉన్నాడు, చేతిలో మన ఊరి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాపు. తలమీద నుంచి తీసి పట్టుకున్నాడు. ఆ గాలిలో.

"ఏం లేదు" అని లేచి మోకాళ్ళు దులుపుకున్నాను. నా సంచి, లుంగీలో చుట్టిన హెల్మెట్‌తో సహా, టాక్సీ వెనక సీట్లో ఉంది. వచ్చేటప్పుడు దాన్నిక్కడ ఒక రాయి పక్కన పెట్టి ఫొటో తీసుకోవాలనుకున్నాను, నిజం చెప్పాలంటే అందుకే మోసుకొచ్చాను. సంచి జిప్పు తీయలేదు.

మాస్కో తిరిగొచ్చాక ఒక రోజంతా కాగితాల పనికే పోయింది. పాత వస్తువు దేశం దాటించేటప్పుడు నిపుణుడి పత్రం చేతిలో ఉంటే మంచిది. కొనాలనుకునేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, పతకాలు ఎంత చవకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. ఆ దేశంలో ప్రభుత్వ పతకాల అమ్మకం, కొనుగోలు రెండూ నేరమే.

విమానాశ్రయంలో స్కానర్ దగ్గర సంచి ఆగింది. లుంగీ విప్పమన్నారు. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ కస్టమ్స్ కుర్రాడికి. పత్రం చదివాడు, హెల్మెట్ తిరగేసి ముద్ర చూశాడు, మెత్తల తాడుని వేలితో మీటాడు. వేలి కణుపుతో పైన టంగుమని కొట్టి నా వైపు చూశాడు.

"వొయ్నా?" అన్నాడు. యుద్ధమా అని.

"నియెత్" అన్నాను. "స్క్లాద్."