అమ్మ ముక్కు, జపాన్ ఊదుబత్తి

మా అమ్మ ముప్పై రెండేళ్లు వరంగల్ భద్రకాళి గుడి దారిలో పూలమ్మింది. మల్లెలు, కనకాంబరాలు, లిల్లీలు, శ్రావణ శుక్రవారాలకు తామర మొగ్గలు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో గంప దించి, నయీంనగర్‌లో నా దగ్గరే ఉంటోంది. మల్లెదండ చేతిలో పెడితే చాలు, అవి ఇవాళ తెంపిన మొగ్గలా, నిన్నటివి ఐస్‌లో పెట్టి తెచ్చినవా కళ్లు మూసుకుని చెప్తుంది. అందుకే తమ్ముడు జపాన్ నుంచి పూల వాసనల ఊదుబత్తులు తెచ్చినప్పుడు ముందు అమ్మ చేతికే ఇచ్చాను.

తమ్ముడు కంపెనీ పని మీద మూడు నెలలు ఒసాకాలో ఉండి వచ్చాడు. క్యోటోలో కొన్నానంటూ మూడు డబ్బాలు తీశాడు: ఒకటి తామర, ఒకటి సకురా అనే చెర్రీ పువ్వు, ఒకటి వాళ్లు ఉమే అని పిలుచుకునే ప్లమ్ పువ్వు. రాత్రిపూట నేను కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటానని వాడికి తెలుసు. రైస్‌మిల్లులో లెక్కలు రాసే పని నాది. వడ్ల సీజన్‌లో ఇంటికొచ్చాక కూడా బస్తాల లెక్కే తలలో తిరుగుతుంది, నిద్ర పట్టదు. ఊదుబత్తి పెట్టుకుని కూర్చుందామంటే అమ్మకు దగ్గు. ఒకసారి బజార్లో తెచ్చిన మల్లె వాసన బత్తి ముట్టిస్తే రెండు నిమిషాల్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది. "మల్లెపూలు అమ్మినదాన్ని, నాకే మల్లె వాసన పడకుండ చేసిండ్రు" అని బాధపడింది. ఆ డబ్బా మళ్లీ తెరవలేదు.

డబ్బా మూత తీసి అమ్మ ఒక బత్తిని అరచేతిలో పెట్టుకుంది. జానెడు కూడా లేదు, సేమియా అంత సన్నం. "గిదేంది బిడ్డా, లోపట పుల్లనే లేదు?" అంది. నిజమే, మన బత్తికి వెదురు పుల్ల వెన్నెముక. పుల్లకు పిండి చుట్టి ఆరబెడతారు, ముట్టిస్తే వాసనతో పాటు వెదురు కూడా కాలుతుంది. వాళ్లది మొత్తం పిండే. తాబు అనే చెట్టు బెరడును పొడి చేసి, సుగంధాలు కలిపి, వేడినీళ్లతో ముద్దగా పిసికి, సన్నని రంధ్రాల్లోంచి నొక్కి తీస్తారు. మనం జంతికలు ఒత్తుకున్నట్టే. ఆ బెరడు పొడే జిగురు, అదే మంటను నిదానంగా పాకించేది. వాసన దానికి చాలా తక్కువ, అందుకే మీద వేసిన పరిమళాన్ని మింగేయదు.

పుల్ల లేని సంగతి తెలిసి కూడా నేను దాన్ని మన ఇత్తడి స్టాండు రంధ్రంలో గుచ్చబోయాను. లోపల నిలవక వంగింది, సరిచేయబోతే మూడు ముక్కలైంది. ఎక్కడో క్యోటో నుంచి వచ్చిన బత్తి, మొదటిదే విరిచేశానని ప్రాణం ఉసూరుమంది. అమ్మ లేచి దేవుని అర్రలోంచి ఊదు వేసే గిన్నె తెచ్చింది. పిడకల బూడిదను పాత చీర ముక్కలో జల్లించి మెత్తగా నింపింది. విరిగిన ముక్కను దాని మీద అడ్డంగా పడుకోబెట్టి ముట్టించింది. చక్కగా కాలింది. తర్వాత తెలిసిందేంటంటే, జపాన్‌లో కూడా బత్తిని బూడిద గిన్నెలోనే నిలబెడతారట. జోదో షిన్‌షు అనే బౌద్ధ శాఖవాళ్లయితే కావాలనే విరిచి, బూడిద మీద అడ్డంగానే పెడతారట. అమ్మకు చెప్తే ఆశ్చర్యపోలేదు. "బూడిద మీద నిప్పు ఆరది గద" అంది, అంతే.

మొదట తామర ముట్టించాం. అమ్మ గిన్నె దగ్గరికి వంగలేదు. గోడకు చేరగిలి, ఊరికే కూర్చుంది. కొంచెం సేపయ్యాక "గంధం" అంది. ఇంకొంచెం ఆగి "లవంగం కూడ ఉన్నది" అంది. నేను డబ్బా తిప్పి చూశాను, అంతా జపాన్ రాత. తమ్ముడు ఫోన్‌లో చదివించి చూస్తే గంధం, లవంగం రెండూ ఉన్నాయి. మన గంధపు చెట్టు జపాన్ నేల మీద పెరగదు. వందల ఏళ్లుగా వాళ్లకు మన దేశపు గంధం మీద మోజు, మైసూరు గంధమంటే మరీ. అగరు అనే సుగంధపు చెక్క కూడా బయటి నుంచి వచ్చేదే. అసలు ఆ దేశంలో ధూపం కథే సముద్రంలో కొట్టుకొచ్చిన దుంగతో మొదలవుతుంది. 595లో అవాజీ దీవి ఒడ్డుకు ఒక పెద్ద అగరు మాను చేరితే, దీవివాళ్లు వంటచెరుకు అనుకుని పొయ్యిలో పెట్టారట. పొగ అంత దూరం గుమగుమలాడేసరికి వింతగా తోచి రాజాస్థానానికి సమర్పించారని వాళ్ల పాత చరిత్ర గ్రంథం నిహోన్ షోకిలో ఉంది. ఈరోజుకీ జపాన్‌లో ఎక్కువ ఊదుబత్తులు తయారయ్యేది ఆ దీవిలోనే. మన బత్తికి పేరులో అగరు మిగిలింది, ఆ దీవికి ఆ పనే మిగిలింది.

"మరి తామర ఏదే?" అని అడిగాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తామర మొగ్గ వాసన ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? శుక్రవారాల్లో మొగ్గను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో ఒక్కో రేకును వెనక్కి మడుస్తూ పోయేది. లోపలి పసుపు దిమ్మె బయటపడే క్షణంలో నీళ్ల చలువతో కలిసిన సన్నని తీపి వాసన వచ్చేది. గంపలో ఎన్ని ఉన్నా అది దూరం పోదు, ముఖం దగ్గర పెట్టుకుంటేనే. చివరికి అమ్మ అంది: "ఇది పువ్వు కాదు బిడ్డా. పువ్వులు తీసేసినంక అర్రల ఉంటది సూడు, గది."

అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరనిపించింది. వెయ్యేళ్ల కిందట క్యోటో దొరల ఇళ్లలో బైకా అని ఒక ధూపం కలిపేవారు. బైకా అంటే ఉమే పువ్వు. అందులో వేసేది మాత్రం అగరు, లవంగం, గవ్వజాతి చిప్పల పొడి లాంటివి. తేనెతో ముద్ద చేసి ఉండలు కట్టేవారు. పువ్వు వేయకుండా పువ్వును గుర్తుకు తెచ్చే విద్య అది. వసంతానికి బైకా, ఎండాకాలానికి తామర పేరుతో కయో. ఇప్పటి పూల బత్తుల్లో తైలాలు ఎక్కువే, అయినా మంచివాటిలో ఆ పాత పద్ధతి తెలుస్తుంది. సకురా నాకు నచ్చలేదు, సబ్బు డబ్బా తెరిచినట్టుంది. ఎక్కువ రకాల సకురా చెట్ల పూలకు వాసన పెద్దగా ఉండదు కాబట్టి తయారుచేసేవాళ్లు ఊహించుకోవాల్సిందే. ఉమే మాత్రం నా బత్తి అయిపోయింది.

వాళ్ల భాషలో ధూపాన్ని పీల్చడం అనరట, వినడం అంటారు. మనం వాసన చూడు అంటాం. చూడడానికి మనమే వెళ్లి ముక్కు పెడతాం. వినాలంటే మాత్రం ఊరుకోవాలి. అమ్మ మొదటి రోజే గోడకు చేరగిలి చేసింది అదే. నేనిప్పుడు గిన్నెను నాలుగడుగుల దూరంలో, కిటికీ తెరిచి పెడతాను. పొగ తక్కువైనా పొగ పొగే, అమ్మ ఛాతీ సంగతి మర్చిపోను. సగం బత్తి విరిచి ముట్టిస్తే పావుగంట వస్తుంది, నాకు అది చాలు. జపాన్‌లోని జెన్ బౌద్ధ మఠాల్లో ఒక బత్తి కాలేంత సేపు కూర్చోవడం పాత లెక్క. ఫోన్‌లో అలారం పెట్టుకున్నప్పుడు ఎప్పుడు మోగుతుందా అని చెవి అటే ఉండేది. ఇప్పుడు వాసన సన్నబడడమే గంట. చివర్లో ఉందా పోయిందా అని వెతుక్కుంటుంటే వడ్ల బస్తాలు గుర్తుకు రావు.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మను సాగనంపి రాత్రి పదింటికి ఇల్లు చేరాం. హాల్లో పొద్దున పేర్చిన చోట తంగేడు రెక్కలు, గునుగు పొట్టు, తెగిన బంతి తొడిమలు అలాగే పడి ఉన్నాయి. అలవాటుగా డబ్బా తీశాను. చాప మీద కాళ్లు చాపుకున్న అమ్మ చెయ్యి ఊపింది.

"ఇయ్యాల ముట్టియ్యకు. ఇల్లంత పువ్వే ఉన్నది."

డబ్బా మూసేసి, లైటు తీసి, ఆమె పక్కన కూర్చున్నాను.