నాలుగో రాత్రే నీళ్లలోకి: ఎర్రకళ్ల చెట్టుకప్ప గుడ్లు, ఒక పంపు

ఇంట్లో పెంచే ఎర్రకళ్ల చెట్టుకప్పలు ఈసారి రెండు గుడ్ల ముద్దలు పెట్టాయి. నాలుగు వారాలు పొడి వాతావరణం, తర్వాత వాన పెట్టె, అంటే పంపుతో పైనుంచి నీళ్లు చిలకరించి వాన కురిపించే పెట్టె. ఆ భాగం సాఫీగానే నడిచింది. తంటా అంతా మొదటి ముద్దతోనే.

43 గుడ్లు, మనీప్లాంట్ ఆకు మీద, నీటికి 14 సెంటీమీటర్ల ఎత్తున. కదపకుండా ఉంటే ఆరేడు రోజులకు పొదగాలి. నాలుగో రాత్రి వాన మొదలైన పది నిమిషాల్లో 31 పిల్లలు టపటపా నీళ్లలో పడ్డాయి! బయటి మొప్పలు ఇంకా ఉన్నాయి, పొట్ట నిండా సొన, ఈదబోతే పక్కకి ఒరగడమే. రెండు రోజుల్లో మిగిలినవి 19.

మొదటి అనుమానం తేమ మీద, ఎందుకంటే ఎండిపోతున్న గుడ్లూ తొందరపడతాయి. కానీ తేమ 84 శాతానికి దిగలేదు, ముద్ద అంచున కూడా జిగురు ఉబ్బుగానే ఉంది. పెట్టేముందు ఆడకప్ప నీళ్లలో దిగి మూత్రాశయం నింపుకుంటుంది, జిగురుకు చేరేది ఆ నీరే. పళ్లెం ఎప్పుడూ నిండుగానే ఉంది. బూజా? తెల్లబడ్డవి రెండే.

ఇక మిగిలింది అదురు. పనామా, కోస్టారికా అడవుల్లో పాము ముద్దను కొరికితే పిండాలు ఆ అదురు పట్టి కిందికి దూకేస్తాయి. వాన చినుకులకు మాత్రం చలించవు, తేడా లయలో ఉంది. ఈ కప్పల పొదుగును అధ్యయనం చేసే జీవశాస్త్రవేత్త కేరెన్ వార్కెంటిన్ బృందం ప్రయోగాల్లో అర సెకను అదురు, ఒకటిన్నర సెకను విరామం ఇస్తే జోరుగా పొదిగాయి. ఇక్కడ ఆ రాత్రి ఎండుటాకులు అడ్డుపడి వాన పంపు దగ్గర నీరు తగ్గింది. పంపు గాలి పీలుస్తూ గుర్రు... ఆగి, మళ్లీ గుర్రు. ఫోన్ రికార్డింగులో కొలిస్తే చప్పుడు 0.6 సెకన్లు, విరామం 1.4! పైగా మనీప్లాంట్ కాడ జిప్ టైతో కట్టి ఉన్నది వాన పైపుకే. గాజు మీది రెండో ముద్ద అదే వానలో ఉండి ఆరో రోజున పొదిగింది.

ఒక్క ముద్దతో తేలే విషయం కాదు, అయినా పందెం పంపు మీదే. ఇక అది బయటి తొట్టిలో, 3 సెంటీమీటర్ల స్పాంజి మీద ఉంటుంది. పెట్టెలోకి మెత్తని సిలికాన్ ట్యూబు, కాడకు ఏ కట్టూ లేదు, నీరు తగ్గితే ఫ్లోట్ స్విచ్ ఆపేస్తుంది. చౌక పంపుల ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) అరిగాక ఎలాగూ కొట్టుకుంటుంది, ఐహైమ్ కంపెనీ పంపు నయం. ఆకు కోసి వేరే డబ్బాలో వేలాడదీయడం చాలామంది పద్ధతి. అంచు గుడ్లు ఎండేది అక్కడే, కాబట్టి వద్దు.

మళ్లీ నాలుగు వారాల పొడి మొదలైంది. ఈలోగా పైపుకు ఫోన్ అంటించి అదురు కొలవాలి, పంపు నడుస్తున్నప్పుడొకసారి, గాలి పీలుస్తున్నప్పుడొకసారి.