చెప్పు జారినా తెలియలేదు

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో బస్సు దిగి పది అడుగులు వేశాక, వెనకాల వస్తున్న ఒకావిడ కన్నడంలో కేకేసి, నా హవాయి చెప్పు చేతికిచ్చింది. కాలి నుంచి ఎప్పుడు ఊడిందో నాకు తెలియనే లేదు.

అప్పుడు నాకు పదహారేళ్లు. అంతకు మూడు వారాల ముందు, మదనపల్లె దగ్గర మా టమాటా తోటలో దాహమై, గట్టు మీదున్న కూల్‌డ్రింకు సీసా ఎత్తి గటగటా తాగేశా. అందులో ఉన్నది పిచికారీ చేయగా మిగిలిన క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు. వాంతులు, ఒళ్లంతా చెమట, నోట్లోంచి ఆగని చొంగ. ఐసీయూలో విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చారు, నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు, బతికా. 'తర్వాత కాళ్లు జాగ్రత్తగా చూసుకోండి' అని ఆ ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. పిక్కలు పట్టేస్తుంటే, అరికాళ్లలో చీమలు పాకినట్టుంటే, అమ్మ నీరసమనుకుని రోజూ రెండు గుడ్లు పెట్టేది.

బెంగళూరులో అత్తావాళ్లు మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ మొదట అడిగింది "ఈమధ్య ఏమైనా మందు తాగావా?" అని. నాయన తల దించుకున్నాడు. మా ఊళ్లో పురుగుమందు తాగాడంటే ఒకటే అర్థం, చావాలనుకున్నాడని. పొరపాటున తాగానంటే సొంతవాళ్లే సగం నమ్మారు.

నరాలకి కరెంటు పెట్టి చూసే పరీక్ష చేశారు. ఈ జాతి పురుగుమందుల్లో కొన్ని నరాల్లో ఒక ఎంజైమును కూడా పాడుచేస్తాయట, ఆ దెబ్బ రెండు మూడు వారాలకి గానీ బయటపడదు, పొడవాటి నరాల చివర్లు ముందు చస్తాయి కాబట్టి పాదాలతో మొదలవుతుంది. అట్రోపిన్ దీన్ని ఆపదు, వేరే విరుగుడూ లేదు. ఫిజియోథెరపీ, పాదం వాలిపోకుండా ప్లాస్టిక్ స్ప్లింటు, అంతే. కొంగలా మోకాళ్లు ఎత్తెత్తి నడిచేవాణ్ణి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పావుగంట పట్టేది.

ఎనిమిది నెలలకి పాదం కాస్త పైకి లేచింది. హమ్మయ్య అనుకునేలోపే కాళ్లు కర్రల్లా బిగుసుకోవడం మొదలైంది, నిజం చెప్పాలంటే మొదటిసారి కంటే అప్పుడే ఎక్కువ ఏడ్చా. వెన్నుపాముకీ మొదట్లోనే దెబ్బ తగిలిందట, నరాలు బలహీనంగా ఉన్నన్నాళ్లూ అది కనపడలేదు, అవి కోలుకునేసరికి బయటపడింది. బిగుసుకున్న కండరాలు వదులవడానికి బాక్లోఫెన్ మాత్రలు, పొద్దునా సాయంత్రం కాళ్లు సాగదీయడం.

ఇది జరిగి ఆరేళ్లు. ఇక్కడే ఉద్యోగం, మెట్లు రెయిలింగ్ పట్టుకుని దిగుతా. జయనగర్‌లో చెప్పులు కుట్టే తాత నన్ను చూడగానే చెయ్యి చాపుతాడు, "కుడిదేనా, ముందు అంచేనా?" అని.