ఆక్సిన్ ఇచ్చాక క్రోమాటిన్ మీద ఏం మారిందో చూడటం: చిప్ ప్రయోగంలో నా అనుభవం

డీఎన్ఏ, అది చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్లు కలిసి ఉన్నదే క్రోమాటిన్. ఒక ప్రొటీన్‌ను యాంటీబాడీతో పట్టి, దానికి అంటుకున్న డీఎన్ఏ ఏదో చూసే ప్రయోగమే చిప్. మొక్కల ఎదుగుదల హార్మోన్ అయిన ఆక్సిన్ నేరుగా డీఎన్ఏను తాకదు. ప్రయోగం ఎలా వేయాలో ఈ సంగతే నిర్ణయిస్తుంది. ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో, ఆక్సిన్‌కు స్పందించే జన్యువులను నడిపే ఏఆర్ఎఫ్ ప్రొటీన్లకు 23 జన్యువులున్నాయి. ఇవి టీజీటీసీటీసీ లాంటి వరుస ఉన్నచోట డీఎన్ఏను పట్టుకుంటాయి. ఆక్సిన్ తక్కువగా ఉన్నప్పుడు ఆక్స్-ఐఏఏ ప్రొటీన్ వాటికి అతుక్కుని, జన్యువులను అణిచే టాప్‌లెస్ ప్రొటీన్‌ను పిలుస్తుంది. దాని వెంట హెచ్‌డీఏ19 వంటి డీఅసిటైలేజ్ వచ్చి హిస్టోన్ల మీది అసిటైల్ సమూహాలను ఊడగొడుతుంది. జన్యువు అణిగి ఉంటుంది. ఆక్సిన్ వచ్చిందంటే టీఐఆర్1 ప్రొటీన్‌కూ ఆక్స్-ఐఏఏకూ మధ్య జిగురులా చేరుతుంది. యుబిక్విటిన్ అనే గుర్తు తగిలిన ఆక్స్-ఐఏఏ, కణంలో ప్రొటీన్లను నరికే ప్రోటియాజోమ్‌లో ముక్కలైపోతుంది. టీఐఆర్1 ఆక్సిన్ గ్రాహకమని 2005లో తేలింది, ఈ జిగురు సంగతి 2007లో స్ఫటిక నిర్మాణంలో కనిపించింది.

అందుకే నేను హార్మోన్‌ను కాదు, ఐఏఏ19 అనే ఆక్స్-ఐఏఏ జన్యువు దగ్గర హెచ్3కే9 అసిటైలేషన్‌ను, అంటే హెచ్3 హిస్టోన్‌లో 9వ లైసిన్ మీది అసిటైల్ సమూహాన్ని, కొలుస్తాను. ఏఆర్ఎఫ్7 కూర్చునే జన్యువు ఇది. ఏఆర్ఎఫ్ కోసమైతే ప్రైమర్లు (పీసీఆర్‌లో ఏ భాగాన్ని కొలవాలో ఎంచే చిన్న డీఎన్ఏ ముక్కలు) ప్రమోటర్‌లోని, అంటే జన్యువుకు ముందుండే నియంత్రణ భాగంలోని, టీజీటీసీటీసీ వరుస దగ్గర పెట్టాలి. అసిటైలేషన్‌కైతే ట్రాన్స్‌క్రిప్షన్ (జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారీ) మొదలయ్యే చోటు దాటి కొంచెం ముందుకు జరపాలి. రెండింటికీ ఒకే ప్రైమర్ జత వాడి మార్పేమీ లేదని తేల్చేయడం సరికాదు.

మొలకలకు ఇచ్చే ఆక్సిన్ పేరు ఐఏఏ (ఐఏఏ19 జన్యువు వేరు), దాని అణుభారం 175.18. అందుకని 1 మి.లీ. ఇథనాల్‌లో 1.75 మి.గ్రా. కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. వెలుతురుకు చెడిపోతుంది కాబట్టి ఫాయిల్ చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి, గులాబీ రంగు తిరిగితే పారేయాలి. 7 రోజుల మొలకలను సగం బలం ఎంఎస్ పోషక ద్రవంలో ఉంచి, 10 మైక్రోమోలార్ ఐఏఏ ఒక గంట ఇస్తాను. కంట్రోల్ మొలకలకూ అంతే ఇథనాల్, 0.1 శాతం, పడాలి.

ప్రయోగం నిలిచేదీ పడేదీ ఫిక్సింగ్ దగ్గరే, అంటే ఫార్మాల్డిహైడ్‌తో ప్రొటీన్లను డీఎన్ఏకు కట్టేసే (క్రాస్‌లింక్) దగ్గరే. 1.5 గ్రాముల మొలకలకు 36 మి.లీ. పీబీఎస్ బఫర్, 37 శాతం ఫార్మాల్డిహైడ్ 1 మి.లీ.: మొత్తం మీద 1 శాతం. ఇక్కడ ట్రిస్ బఫర్ వాడకూడదు, దానిలోని అమైన్ ఫార్మాల్డిహైడ్‌ను తినేస్తుంది. వాక్యూమ్ కింద 10 నుంచి 15 నిమిషాలు. గాలిని మెల్లగా వదిలితే ద్రవం ఆకుల్లోకి దిగి అవి ముదురు ఆకుపచ్చగా, నీరు పట్టినట్టు అయి అడుగుకు చేరతాయి. తేలుతున్న మొలకలు ఇంకా ఫిక్స్ కానట్టే. తర్వాత ఫార్మాల్డిహైడ్‌ను ఆపడానికి 2 మోలార్ గ్లైసిన్ 2.5 మి.లీ. పోసి మరో 5 నిమిషాలు వాక్యూమ్. కడిగాక టిష్యూ కాగితంతో బాగా అద్దాలి. తడి మిగిలితే ద్రవ నైట్రోజన్‌లో మంచు గడ్డ కట్టి పొడి నలగదు. ఫార్మాల్డిహైడ్‌లో ఉంచే సమయం మించితే క్రోమాటిన్ సరిగా తెగదు, యాంటీబాడీకి తగలాల్సిన భాగం కూడా కప్పుకుపోతుంది. టాప్‌లెస్ డీఎన్ఏకు ఇతర ప్రొటీన్ల మీదుగానే చేరుతుంది కాబట్టి దాన్ని పట్టాలంటే డీఎస్‌జీ అనే రసాయనంతో ముందుగా ప్రొటీన్లను ఒకదానికొకటి కట్టేయడం మేలు.

న్యూక్లియైలను (కణ కేంద్రకాలను) సుక్రోజ్ బఫర్‌లో తీస్తూ 10 మిల్లీమోలార్ సోడియం బ్యూటిరేట్ కలుపుతాను, లేకపోతే డీఅసిటైలేజ్‌లు పని చేస్తూనే ఉండే ప్రమాదం ఉంది. ప్రొటీన్లను తెంచే ఎంజైమ్‌లను ఆపే పీఎంఎస్ఎఫ్ నీళ్లలో త్వరగా చచ్చిపోతుంది, వాడే ముందే వేయాలి. 1 శాతం ట్రైటాన్ డిటర్జెంట్‌తో పచ్చదనం పోయేవరకు కడగాలి. అడుగున బూడిద తెలుపు పెల్లెట్ మిగలాలి.

సొనికేషన్‌లో, అంటే ధ్వని తరంగాలతో క్రోమాటిన్‌ను తెంచడంలో, 200 నుంచి 500 బేస్ జతల ముక్కలు కావాలి. నురగ వస్తే శక్తి వృథా, ప్రోబ్‌ను ఇంకొంచెం లోపలికి దించాలి. జెల్ మీద చూసే ముందు ఆ కొద్ది నమూనాను 65 డిగ్రీల దగ్గర క్రాస్‌లింక్ విప్పాలి. విప్పకుండా నడిపితే పొడవైన ముక్కల్లా కనిపించి దారి తప్పిస్తుంది. న్యూక్లియైలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో ఎస్‌డీఎస్ డిటర్జెంట్ 1 శాతం ఉంటుంది, పది రెట్లు పలుచన చేస్తే గానీ యాంటీబాడీ నిలవదు.

1 శాతం క్రోమాటిన్‌ను యాంటీబాడీ తగలకుండా పోలిక కోసం (ఇన్‌పుట్) పక్కన పెట్టి, మిగతాది సమానంగా పంచి అసిటైల్ హెచ్3, మొత్తం హెచ్3, ఐజీజీ (దేన్నీ ప్రత్యేకంగా పట్టని కంట్రోల్) యాంటీబాడీలతో రాత్రంతా 4 డిగ్రీల దగ్గర తిప్పుతాను. యాంటీబాడీని పట్టుకునే బీడ్స్‌కు 2 గంటలు చాలు. తక్కువ ఉప్పు, ఎక్కువ ఉప్పు, లిథియం క్లోరైడ్, టీఈ బఫర్ కడుగుళ్లు మామూలే.

డీఎన్ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్‌లో ఇన్‌పుట్ సీటీ (సంకేతం కనిపించడం మొదలైన చక్రం సంఖ్య) నుంచి 6.64 తీసేసి శాతం లెక్కించాలి, 100కు రెండు మూలంగా లాగరిథమ్ అంతే కాబట్టి. ఆ శాతాన్ని మొత్తం హెచ్3 శాతంతో భాగించకపోతే న్యూక్లియోసోమ్ తగ్గిందా, అసిటైలేషన్ తగ్గిందా తెలియదు. ఎప్పుడూ చురుగ్గా ఉండే యాక్టిన్ జన్యువు దగ్గర సంకేతం బలంగా, మూగగా ఉండే టీఏ3 ట్రాన్స్‌పోజాన్ దగ్గర బలహీనంగా ఉండాలి. టీఏ3 కూడా పెరిగితే అది నేపథ్య శబ్దం, కడుగుడు చాలలేదు. ఏఆర్ఎఫ్7, ఏఆర్ఎఫ్19 రెండూ లేని మ్యుటెంట్‌కు కూడా అదే ఆక్సిన్ ఇచ్చి పక్కనే నడపాలి. మామూలు మొక్కలో పెరిగి ఆ మ్యుటెంట్‌లో పెరగకపోతే, ఐఏఏ19 దగ్గర మార్పు ఆ ఏఆర్ఎఫ్‌ల మీద ఆధారపడిందని రాయొచ్చు.