అద్దె ఇల్లు, టీబీ మందులు, ఆశా అక్క

బోరబండలో మేముండే అద్దె ఇంటికి ఆశా అక్క మొదటిసారి వచ్చింది నా కోసం కాదు, ఇంటింటి సర్వేకి. గుమ్మం బయటే నిలబడి "రెండు వారాల కంటే ఎక్కువ దగ్గు ఎవరికన్నా ఉన్నదా?" అని అడిగింది. మా ఆవిడ నా మొహం చూసింది. అప్పటికే గల్లీ చివరి క్లినిక్‌లో సిరప్‌లు, యాంటీబయోటిక్‌లు అన్నీ అయ్యాయి. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, ప్యాంట్లు వదులయ్యాయి.

అక్క సంచిలోంచి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు తీసింది. "ఒకటి ఇప్పుడియ్యి తమ్ముడూ. ఇంకోటి పొద్దున లేవంగనే. నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి కళ్లె తియ్యాలె. ఉత్త ఉమ్మి ఇస్తే ఏం తెల్వదు." వాటిని ఆరోగ్య కేంద్రానికి పంపింది. అక్కడి నుంచి సీబీనాట్ యంత్రానికి వెళ్లాయి. అది టీబీ క్రిమి ఉందో లేదో చెప్పడమే కాదు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. నాకు టీబీ ఉంది, మందుకు లొంగేదే. అందరికీ చేసినట్టే షుగర్, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేశారు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో పేరు ఎక్కించారు.

జబ్బు కన్నా నాకు ఎక్కువ భయం కింది అంతస్తులో ఉండే ఓనరమ్మ గురించి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పేరు వింటేనే మనుషులు దూరం జరిగే బస్తీ మాది. తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమనరా? ఆ మాట అక్కతో చెప్పాను. ఆమె తరువాత వచ్చినప్పుడు ముందు కిందే ఆగింది. ఓనరమ్మను బీపీ గోలీలు వేసుకుంటున్నారా అని అడిగి, ఫారం నింపి, అదే వరసలో ఇంట్లో ఎవరికైనా దగ్గుందా, బరువు తగ్గారా అని కూడా అడిగేసింది. ఆ తర్వాత పైకి వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లను చూడాల్సిన పని అయింది, నా పేరు బయటపడలేదు. ఇది ఏ ట్రైనింగ్‌లో నేర్పుతారో గానీ, పల్లెలో ఇంత అవసరం ఉండదు. అక్కడ ఆశా ఆ ఊరి కోడలే అయి ఉంటుంది, ఊళ్లో సుమారు వెయ్యి మందికి ఒకరు. పట్నంలో ఒక్కొక్కరికి వెయ్యి నుంచి రెండున్నర వేల మంది దాకా. అందులో సగం తాళాలు, సగం నిన్న మొన్న దిగిన కిరాయిదార్లు.

మందులు మొత్తం ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన గోలీ, తర్వాత నాలుగు నెలలు అందులోంచి పైరజినమైడ్ అనే మందు తీసేసిన గోలీ. ఎన్ని గోలీలన్నది బరువును బట్టి. 46 కిలోలున్న నాకు రోజుకు మూడు. "మూత్రం ఎర్రగ, నారింజ రంగుల వస్తది, భయపడకు. కండ్లు పచ్చబడినా, వాంతులు ఆగకున్నా మాత్రం మందు ఆపి నాకు ఫోన్ చెయ్యి" అని మొదటి రోజే చెప్పింది. చెప్పి ఉండకపోతే ఆ రంగు చూసి నేను ఎటు పరిగెత్తేవాణ్నో! కీళ్ల నొప్పులు వచ్చాయి, డాక్టరు చూసి మందు రాశారు. బతుకమ్మకు ఊరెళ్లేటప్పుడు సరిపడా గోలీలు ముందే ఇప్పించింది.

అసలు కష్టం మా పాప దగ్గర వచ్చింది. మూడేళ్ల పిల్ల, హుషారుగా ఆడుకుంటోంది. పరీక్షల్లో టీబీ లేదని తేలింది. అయినా టీబీ రాకుండా ఆపే ఐసోనియజిడ్ గోలీ ఆరు నెలలు రోజూ వేయాలన్నారు. మా ఆవిడ ససేమిరా అంది. "ఏం లేని పిల్లకు గోలీలెందుకక్కా?" అక్క గట్టిగా మాట్లాడలేదు. కూర్చుని, టీ తాగి, అయిదేళ్ల లోపు పిల్లలకు సోకితే అది మెదడు దాకా పోవచ్చని, వచ్చాక పరిగెత్తడం కన్నా రాకముందే ఆపడం మేలని, వాళ్ల చెల్లెలి కొడుక్కీ ఇలాగే వేశామని మెల్లగా చెప్పింది. మొదటి వారం గోలీ పొడి చేసి వేసేటప్పుడు దగ్గర కూర్చుంది కూడా.

పోషకాహారానికి కేంద్రం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 500 బదులు 1,000 అయింది. రెండు విడతల్లో మూడేసి వేలు వేస్తారు. నా ఖాతా ఆధార్‌తో లింకు కాక మొదటి విడత ఆగిపోతే, బ్యాంకులో ఏ ఫారం అడగాలో కూడా ఆమే చెప్పింది. గుడ్లు, పాలకు ఆ డబ్బు బాగానే పనికొచ్చింది.

చివరి కళ్లె పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఇంకా రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. నాలాంటి కేసు ఒకటి పూర్తయితే మందులు మింగించినవాళ్లకు వచ్చే ప్రోత్సాహకం 1,000 రూపాయలు. ఆరు నెలలకు కలిపి! ఆ డబ్బు పడిందా అక్కా అని అడిగితే, "బిల్లు పెట్టిన తమ్ముడూ, చూడాలె" అంటూ పక్కింటి తలుపు కొట్టింది.